చీకటి కాయకమునకు సాక్షి ఎవరు?

విశాఖపట్టణము నుండి కిరండూలునకు పోవు రైలు కొత్తవలసలో హౌరా మార్గమును విడిచి కొండల వైపు మరలును. లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొద్దవర స్టేషనులు దాటు వరకు ఇరుప్రక్కల వరిచేలు, తాటితోపులు, మామిడితోటలు కానవచ్చును. ఆ పిదప నేల పైకి లేచును. బొద్దవర తరువాత వచ్చు స్టేషను పేరు శివలింగపురము. ఆ కనుమలలో బండి ఒక కొండ కడుపున దూరి బయటపడును. మరల వేరొక కొండలో దూరును. పిల్లలు వ్రేళ్ళు మడిచి సొరంగములు లెక్కించుచు, చీకటి క్రమ్మినప్పుడెల్ల కేకలు వేయుదురు. పెద్దలు చిరునవ్వు నవ్వి, మూటలపై చేయి వేసికొని కూర్చుందురు. వెలుగు రాగానే అందరును కిటికీల వద్ద చేరి లోయను చూతురు. లోయను చూడని వారుండరు. దాటివచ్చిన గోడను చూచిన వారుండరు.

ఆ మార్గమున 58 సొరంగములు కలవు. సొరంగపు ముఖద్వారము వద్ద ప్రయాణికుని కంటబడునది ఒక సంఖ్య మాత్రమే. గోపురము కట్టించిన వాని పేరు శాసనమున నిలుచును. చెరువు త్రవ్వించిన వాని పేరు ఒక్కొక్కచోట ఊరి పేరులో కలసిపోవును. సత్రము కట్టించిన వాని పేరు గుమ్మముపై చెక్కబడును. సొరంగము కట్టినవాడు మాత్రము చీకటిలో పనిచేసి చీకటిలోనే మరుగగును. ఇట్టి పనికి జీవితమును ధారపోయు ఇంజనీరు చరిత్ర ఒక ధర్మసంశయమును ఎదుట నిలుపుచున్నది. ఎవ్వరును చూడని చోట జరుగు పనికి సాక్షి ఎవరు? అందలి మంచి ఎవరిది? అందలి తప్పునకు బాధ్యు డెవరు?

కొత్తవలస కిరండూలు మార్గము 1960ల దశకమున నిర్మింపబడినది. బస్తరు సీమలోని బైలదిల్లా కొండల ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చి, అచటి నుండి జపానునకు ఎగుమతి చేయుట దాని ప్రధానోద్దేశము. సుమారు 445 కిలోమీటర్ల పొడవు గల ఈ మార్గము సముద్రతీరపు మైదానమున బయలుదేరి, తూర్పు కనుమలనెక్కి, శిమిలిగూడ వద్ద దాదాపు 996 మీటర్ల ఎత్తునకు చేరును. దేశములోని బ్రాడ్ గేజి స్టేషనులలో మిక్కిలి ఎత్తైనదిగా చాలకాలము ఆ స్టేషను ప్రసిద్ధి గాంచినది. ఆ కనుమలలో విరివిగా కానవచ్చు శిల ఖోండలైటు. కోంధు గిరిజనుల పేరిట దానికా పేరు వచ్చినది. అది చూచుటకు గట్టిగా నుండును. కాని ఎండకు, వానకు లోలోపల మెత్తబడి ఎఱ్ఱమన్నుగా మారు స్వభావము గలది. వానకాలమున అచట కొండచరియలు విరిగిపడుట అరుదు కాదు. పైకి రాయి, లోన మన్ను. నమ్మి గునపము వేయుటకు వీలులేని కొండ అది.

సొరంగము త్రవ్వు విధానము తెలిసిననే గాని ఈ ప్రశ్నలోని లోతు తెలియదు. కొండముఖమున వరుసగా రంధ్రములు తొలిచి, మందు కూరి ప్రేల్తురు. పొగ వెడలువరకు వేచియుందురు. అటుపిమ్మట ముందుగా ముఖము వద్దకు పోవువారిలో పొడవైన గడ్డపార పట్టిన కూలివాడుండును. కప్పున వ్రేలాడు రాళ్ళను పొడిచి రాల్చుట వాని పని. ఏ రాయి ఎప్పుడు కదలునో వాని చెవికి, చేతికి తెలియవలెను. పిదప రాళ్ళను ఎత్తివేసి, అవసరమైన చోట ఉక్కు కమానులు నిలిపి, చివరకు కాంక్రీటు పోయుదురు. కొండ గీత గీచినట్లు ప్రేలదు. ఒకచోట మూరెడు ఎక్కువ ఊడును. ఒకచోట జానెడు తక్కువ ఊడును. కావున కాంక్రీటు గోడకు, కొండకు నడుమ ఖాళీ మిగులును. ఆ ఖాళీని నింపి, సన్నని రంధ్రముల గుండ సిమెంటు పాలను ఒత్తిడితో ఎక్కింపవలెను. నిండినచో కొండ బరువు కమానుపై సమముగా వ్రాలి, ఆ బరువే కమానును బిగించి నిలుపును. నిండనిచో వదులైన రాయి ఏనాడో ఆ బోలులోనికి జారి, గోడను ఒక్కచోటనే మోది పగులగొట్టును. లేదా నీరు అందు చేరి తన త్రోవ తాను వెదకుకొనును.

బయటి నుండి చూచువానికి నిండు గోడకు, బోలు గోడకు భేదము తెలియదు. రెండును నున్నగానే యుండును. రెంటికిని మెజర్‌మెంటు బుక్కులో ఒకే లెక్క వ్రాయవచ్చును. ఒకే బిల్లు చెల్లింపవచ్చును. సుత్తితో తట్టి చెవి యొగ్గినవానికి మాత్రము తేడా వినబడును. నిండు గోడ ఖంగుమని పలుకును. బోలు గోడ కాళీ కుండవలె మ్రోగును. గోడ వెనుకను చూడగల రాడారు యంత్రములు నేడు వచ్చినవి. ఐనను ఆ యంత్రమును ఎచట ఆనింపవలెనో, ఎచట ఆనింపక దాటిపోవలెనో నిర్ణయించువాడు మనుష్యుడే. తనిఖీ అధికారి పగటివేళ వచ్చును. కాంక్రీటు రాత్రి షిఫ్టులోను పడుచుండును. పరీక్షకు పంపు దిమ్మెలు సాధారణముగా గోడ నుండి కోసినవి కావు. పోయుచున్న మిశ్రమము నుండి వేరుగా తీసి అచ్చులలో పోసినవి. చట్టము సొరంగములోనికి కొంతదూరము వచ్చి ఆగిపోవును. అటుపైన నడువవలసినది పనివాని మనస్సు.

కల్యాణ శరణుల చరిత్రలో ఆయ్దక్కి మారయ్య కథ ఎల్లరు ఎఱిగినదే. బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చి జంగమదాసోహము జరుపుట ఆయన కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. ధర్మపత్ని లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఆనాటి దాసోహమునకు మించినది తమది కాదని, ఎచటి నుండి తెచ్చెనో అచటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఏరుకొన్న గింజలకు లెక్క కట్టినవారెవరు? ఆ ఎక్కువను పట్టుకొనుటకు వచ్చిన అధికారి ఎవరు? ఎవ్వరును లేరు. లక్కమ్మ కన్నొక్కటే దానిని చూచెను. అది దొంగిలించిన బియ్యము కాదు. ఐనను కాయకమునకు మించి వచ్చినది గనుక గడప దాటి రాదగినది కాదని ఆమె తీర్పు.

ఆ తీర్పును సొరంగమునకు అన్వయించి చూచినచో విషయము ఇంకను తీక్ష్ణమగును. పది బస్తాల సిమెంటు పడవలసిన చోట ఎనిమిది పడి, రెండు బస్తాల విలువ ఎవరి యింటికో చేరెననుకొందము. మారయ్య తెచ్చిన ఎక్కువ బియ్యము వలన ఎవ్వరికిని హాని లేదు. ఆ రెండు బస్తాల ఎక్కువ మాత్రము ఒక గోడలో తక్కువగా నిలిచియుండును. ఆ గోడ క్రింది నుండి మరుసటి యేడు ఒక పెండ్లివారి బృందము పోవును. ఒక గర్భిణి పుట్టింటికి పోవును. లెక్కల పుస్తకమున సరిపోయిన పని వారి తలలపై సరిపోకయుండును. దొంగిలించినవాడు వారి ముఖములను ఎన్నడును చూడడు. తన వలన హాని పొందువాని ముఖము కనబడకపోవుటయే ఈ పాపమును సులభము చేయుచున్నది.

కొండ సొరంగమున ఈ ప్రశ్న లోన పనిచేయువారికి, లోనికి పోవువారికి సంబంధించినది. నగరము క్రింద త్రవ్వునప్పుడు అది పైన నిద్రించు వారికిని సంబంధించును. భారతదేశమున నగరగర్భమున రైలు నడుపు పని మొట్టమొదట కలకత్తాలో జరిగినది. ఆ పనికి రూపకల్పన చేసినవారిలో ముఖ్యుడైన ఇంజనీరు విద్యాభ్యాసము తెలుగునేలపైననే జరిగినది. శ్రీ ఇ. శ్రీధరన్ గారు 1932లో కేరళలోని పాలక్కాడు సీమలో జన్మించి, కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివిరి. 1954లో రైల్వే కొలువున చేరిరి. 1964 డిసెంబరు తుఫానులో దెబ్బతిన్న పాంబన్ వంతెనను 46 దినములలో మరల నిలిపిరి. 1970 నుండి కొన్నియేండ్లు కలకత్తా మెట్రో రూపకల్పన బాధ్యత వహించిరి. రైల్వే కొలువు నుండి విరమించిన పిదప 1990లో కొంకణ రైల్వే పగ్గములు చేపట్టిరి. తొంబదికి పైగా సొరంగములు గల ఆ మార్గము 1998 జనవరిలో పూర్తిగా తెరువబడినది. 1997 నుండి 2011 చివరివరకు ఢిల్లీ మెట్రోను నడిపిరి. ఒక జీవితమున ఎక్కువ భాగము మన్ను, రాయి, నీరు అను మూటితో గడచినది.

కలకత్తాలో 1972 డిసెంబరు 29న శంకుస్థాపన జరిగినది. 1984 అక్టోబరు 24న ఎస్ప్లనేడు నుండి భవానీపూరు వరకు 3.4 కిలోమీటర్ల మేర మొదటి బండి నడచినది. అచటి నేల మెత్తని బంకమన్ను. వీథిని నిలువునా తెరచి, గోడలు, అడుగు, కప్పు కట్టి, మరల మన్ను పూడ్చుట అచట ఎక్కువగా అనుసరించిన పద్ధతి. కావున ఏండ్ల తరబడి నగరపు ముఖ్యవీథులు గోతులతో నిండియుండెను. ఆమదాలవలసలో రైలెక్కి ఖరగ్‌పూరునకు, కలకత్తాకు బ్రతుకుదెరువునకై పోయిన శ్రీకాకుళము జిల్లా కుటుంబములు ఎన్నో కలవు. నగరము తన కడుపు తెరచికొని పడియుండగా చూచినవారు ఆ కుటుంబములలో ఉందురు. తెరచిన గోతిలో జరుగు పనిని దారిన పోవువాడైనను చూచి తప్పు పట్టగలడు. ఆ తరువాత వచ్చిన యంత్రయుగమున ఆ వెసులుబాటు పోయినది.

నది క్రింద సొరంగము తొలుచు విద్యకు ఆద్యుడు మార్కు బ్రూనెలు. లండనులో థేమ్సు నది క్రింద ఆయన 1825లో పని మొదలిడి 1843లో ముగించెను. పనివారిని కాపాడుటకు ముందుకు జరుగు ఇనుప కవచమును కల్పించెను. అట్లయ్యును 1828 జనవరిలో నది లోనికి విరుచుకొనిపడి ఆరుగురు మరణించిరి. నేటి సొరంగ యంత్రములు ఆ కవచపు సంతతియే. ముందున్న చక్రము మన్నును కోయును. వెనుక కాంక్రీటు పలకలు వలయముగా బిగింపబడును. యంత్రపు ఒరకన్న వలయము చిన్నది గనుక వలయమునకు, మన్నునకు నడుమ కొన్ని అంగుళముల సందు మిగులును. యంత్రము జరుగుచుండగనే ఆ సందును సిమెంటు పాలతో నింపవలెను. ఆలస్యమైనచో మన్ను దిగును. పైన ఇండ్లు బీటలు వారును. కొండలో చెప్పిన బోలే ఇచటను గోడ వెనుక పొంచియున్నది.

కలకత్తాలోనే దీని తీవ్రత తెలిసివచ్చినది. హుగ్లీ నది క్రిందుగా పోవు మెట్రో 2024 మార్చి 6న ప్రారంభింపబడినది. దేశమున అట్టిది అదియే మొదటిది. నది క్రింద సాగిన ఆ పని ఊరి క్రింద తడబడెను. అదే మార్గమున బౌబజారు వద్ద 2019 ఆగస్టు 31న యంత్రము నీటిపొరను తాకగా, నీరు, మన్ను లోనికి ప్రవహించినవి. పైనున్న పాత ఇండ్లు బీటలు వారినవి, కొన్ని కూలినవి. వందలకొలది జనులు కట్టుబట్టలతో ఇండ్లు విడువవలసి వచ్చినది. వారిలో ఎవ్వరును సొరంగము పని ఒప్పుకొన్నవారు కారు, కూలి తీసికొన్నవారు కారు. తమ పడకగది క్రింద ఏమి జరుగుచున్నదో చూచుటకు వారికి మార్గము లేదు. వారు చేయగలిగినది నమ్ముట యొక్కటే. నమ్మకము నుంచుటకన్న వేరు గతి లేనివాని నమ్మకమును మోయువాడు సామాన్య ఋణము మోయుట లేదు.

త్రవ్వు పనిని గూర్చి శరణుల సంప్రదాయమున ఒక గొప్ప సన్నివేశము కలదు. సొన్నలిగెలో సిద్ధరామేశ్వరుడు చెరువు త్రవ్వించుచుండగా అల్లమప్రభువు వచ్చి ఆయనను ఒడ్డరాముడని పిలిచెనని శూన్యసంపాదనము చెప్పుచున్నది. మన్ను త్రవ్వి రాయి మోయు ఒడ్డెవారి పేరుతో తమ గురువును పిలుచుట విని పనివారు కోపించి రాళ్ళు రువ్విరి. ఈ కథను విని, లోకోపకారమైన పనిని ప్రభువు నిందించెనని కొందరు తలపోయుదురు. శ్రద్ధగా చూచినచో నింద పనిపై లేదు. నేను త్రవ్వించితినను భావముపై ఉన్నది. ఇంకొకటియు గమనింపదగును. ఒడ్డె యను మాటలో అవమానము విన్నవారు మన్ను త్రవ్వుచున్న వారే. తాము చేయు పని పేరే తమకు తిట్టుగా వినబడెను. ఏ కాయకమును హీనము కాదన్న మార్గమున ఆ పిలుపు తిట్టు కానేరదు. ఒడ్డె చేతి గడ్డపారకు, ఇంజనీరు చేతి నక్షాకు అహంకారమున తేడా యుండవచ్చును గాని కాయకమున తేడా లేదు.

ఈ దృష్టితో చూచినచో సొరంగముపై పేరు లేకపోవుట మేలే యని తోచును. నేను కట్టితినను గర్వమునకు అచట చోటు లేదు. కాని ఇందు ఒక చిక్కు కలదు. పేరు లేనిచోట గర్వము నిలువదు, నిజమే. పేరు లేనిచోట బాధ్యతయు నిలువకపోవచ్చును. గోడ కూలిన దినమున పెద్ద ఇంజనీరు చిన్న ఇంజనీరును చూపును. చిన్న ఇంజనీరు గుత్తేదారును చూపును. గుత్తేదారు ఉపగుత్తేదారును, అతడు రాత్రి షిఫ్టు మేస్త్రీని చూపును. మేస్త్రీ ఏ జిల్లా నుండి వలసవచ్చినవాడో, అప్పటికే పని వదలి పోయియుండును. చివరకు కొండదే తప్పని కాగితము వ్రాసికొందురు. వినయమువలె కనబడు అనామకత్వము తప్పించుకొను దారియు కాగలదు.

మరి రెంటిని వేరుపరచుట ఎట్లు? శ్రీధరన్ గారి జీవితమున జరిగిన ఒక సంఘటన దీనికి సమాధానము చూపుచున్నది. 2009 జూలై 12న ఢిల్లీలోని జమ్రూద్‌పూరు వద్ద మెట్రో పైవంతెన నిర్మాణములో ప్రమాదము జరిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. విచారణ నివేదిక రాకమునుపే, ఎవ్వరును అడుగకమునుపే, ఆయన నైతిక బాధ్యత వహించి రాజీనామా సమర్పించిరి. ప్రభుత్వము దానిని అంగీకరింపలేదు. ఆయన పనిలో కొనసాగిరి. ఆ స్తంభమును ఆయన స్వయముగా కట్టలేదు. ఐనను సంస్థకు బిరుదులు వచ్చినప్పుడు ముందు నిలిచినవాడు మరణములు వచ్చినప్పుడు వెనుకకు పోరాదని ఆ పని తెలుపుచున్నది. ఒక రాజీనామా పోయిన ప్రాణములను తిరిగి తేదు. అది పైనుండి క్రిందికి జారిపోవు నిందను పైననే ఆపును. పై అధికారి నింద నెత్తికెత్తుకొన్నచోట క్రిందివాడు తప్పును దాచక చెప్పగలడు. తప్పు చెప్పబడినచోట రెండవ ప్రాణము నిలుచును. కీర్తి వచ్చినప్పుడు తన పేరు తుడిచికొనుట, తప్పు వచ్చినప్పుడు తన పేరు వ్రాసికొనుట: ఈ రెండును కలసినప్పుడే అనామకత్వము వినయమగును.

పేర్లను గూర్చి ఇంకొక మాట. కొంకణ రైల్వే నిర్మాణములో ప్రాణములొడ్డి మరణించిన వారికి రత్నగిరిలో శ్రమశక్తి స్మారకము నిలిపిరి. కట్టించినవాడు తన పేరు కోరకుండుట యోగ్యమే. మరణించిన కూలివాని పేరును మరచుట యోగ్యము కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెల నుండి ప్రతి యేడును ఎందరో దూరనగరముల కట్టడపు పనులకు వలసపోవుచున్నారు. పండుగకు తిరిగివచ్చినప్పుడు వారు తెచ్చునది కొంత రొక్కము, కొన్ని బట్టలు. తాము మోసిన కాంక్రీటుపై నగరము నడచుచున్నదని చెప్పుకొనుటకు వారికి ఆధారము లేదు. దాసోహము చేయువాడు తన చేయి దాచుకొనవచ్చును. తిన్నవాడు ఆ చేతిని మరువరాదు.

ఇక పనిని ఆపు ధైర్యము సంగతి. శ్రీధరన్ గారి కార్యాలయములలో గడువునకు మిగిలిన దినములను చూపు గడియారములు వ్రేలాడదీసిరి. అనుకొన్న దినమునకు పని ముగించుట ప్రజాధనమును కాపాడుటయే. కాని గడియారము చేతిలో నుండుట వేరు, గడియారము చేతిలో తానుండుట వేరు. కొండ కూలుటకు ముందు తరచుగా సూచన లిచ్చును. నీటి ఊట ఎక్కువగును. తేటనీరు బురదగా మారును. ఉక్కు కమాను వంగును. కాంక్రీటుపై వెంట్రుకవంటి చీలిక తెరచుకొనును. వానిని చూచి పని నిలుపుమనినచో దినమునకు లక్షల నష్టము. పై నుండి మందలింపు. సాటివారి నుండి పిరికివాడను ఎగతాళి. నిలిపిన పిదప కొండ కూలనిచో నిలిపినవాడే దోషి. కూలనందుకు అతనిని మెచ్చుకొను వారుండరు. రాని ఆపదకు సాక్ష్యము లేదు గదా.

తెలంగాణమున శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగములో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలి, నీరు, బురద ముంచుకొనివచ్చినవి. ముఖద్వారము నుండి సుమారు 14 కిలోమీటర్ల లోపల ఎనిమిదిమంది చిక్కుకొనిరి. వారిలో ఇంజనీర్లును ఉండిరి, యంత్రచాలకులును ఉండిరి, కూలీలును ఉండిరి. కొండ వారి హోదాలను విచారింపలేదు. వారాల తరబడి వెదకినను ఇద్దరి భౌతికకాయములే వెలికివచ్చినవి. అంతకు ముందు ఉత్తరాఖండమున సిల్క్యారా సొరంగములో 2023 నవంబరు 12న చిక్కిన 41 మంది 17 దినముల పిదప ప్రాణములతో బయటపడిరి. పెద్ద యంత్రము విరిగిన తరువాత చివరి కొన్ని మీటర్ల మన్నును చేతి పనిముట్లతో త్రవ్వి వారిని చేరినవారు నిరుపేద కూలీలు. ఇరుకు బిలములలో దూరి మన్ను తోడుట వారి వృత్తి. లోకము హీనముగా చూచు ఆ కాయకమే 41 ఇండ్ల దీపములను నిలిపినది.

ఈ సంగతులు మఠములకు, గృహస్థులకు దూరమైనవి కావు. నేడు ఇంటింటను ఒక బాలుడో బాలికయో ఇంజనీరింగు చదువుచున్నారు. పట్టము చేత పట్టుకొని వచ్చి గురువుల పాదములకు మ్రొక్కుదురు. ఉద్యోగము వచ్చినదని విభూతి ధరింతురు. ఇంటివారు జీతమెంతయని అడుగుదురు. ఏ ఊరని అడుగుదురు. ఎవ్వరును చూడని గోడను నీవు నింపితివా యని అడుగువారు ఎందరు? ఆ ప్రశ్న తల్లి నోట రావలెను. లక్కమ్మ అడిగినది అదియే. మారయ్య కాయకమును నిలిపినది చట్టము కాదు, ఇంటి గడపలో నిలిచి మూటను తడవి చూచిన ఇల్లాలు. ఇంటికి వచ్చిన ఎక్కువను ప్రశ్నింపని యిల్లు సొరంగములోని తక్కువలో పాలుపంచుకొనుచున్నది.

సాక్షి ఎవరను మొదటి ప్రశ్నకు ఇచట సమాధానము వెదకవలెను. గుడిలోని స్థావరలింగము కొండ వెలుపలనే నిలుచును. పని మొదలిడు దినమున ముఖద్వారము వద్ద కొబ్బరికాయ కొట్టి లోనికి పోయినవాడు దైవమును బయట విడిచి వచ్చితినని అనుకొనవచ్చును. ఇష్టలింగధారికి ఆ వెసులుబాటు లేదు. అతడు సొరంగమున ఎంత లోపలికి పోయిన అంత లోపలికి లింగము ఆతని రొమ్ముపై వచ్చును. దీపము ఆరిన చోటికిని వచ్చును. అల్లమప్రభువు తన మాటలకు ముద్రగా గ్రహించిన నామము గుహేశ్వరుడు. గుహలో నుండువాని నుండి గుహలో దాచగలిగినది ఏమున్నది? లింగము ధరింపని వానికిని మనస్సాక్షి అను పేర ఆ తోడు ఉండనే యున్నది.

శివలింగపురము దాటి పైకెక్కిన రైలు బొర్రా గుహల మీదుగా పోవును. ఆ గుహలను తొలిచినది నీరు. లోన నీటిబొట్టు వెంట నీటిబొట్టు పడి సున్నపురాయి లింగాకృతి దాల్చినది. చుట్టుపట్ల వారు దానిని కొలుచుచున్నారు. ఆ బొట్లలో దేనికిని తొందర లేదు, దేనికిని పేరు లేదు, ఏదియు తన వంతును దాచుకొనలేదు. ఈ మార్గమున రెండవ లైను కొరకు నేడు కొత్త సొరంగములు తొలుచుచున్నారు. ఏదో ఒక రాత్రి షిఫ్టు ముగియు వేళ ఒక యువ ఇంజనీరు సుత్తి తీసికొని ఆరిన గోడపై తట్టి చెవి యొగ్గును. ఆ ధ్వనిని ఆతడు తప్ప వేరెవ్వరు వినరు. కుండవలె మ్రోగిన ఆ చోట సుద్దముక్కతో గీత గీచి, తెల్లవారి బిల్లుపై సంతకము చేయక నిలిచెనేని, దశాబ్దముల పిదప ఆ చీకటిలో కేకలు వేయుచు వ్రేళ్ళు మడుచు పిల్లలకు ఆతడెవరో తెలియదు. తెలియనక్కరయు లేదు.